హ్యూస్టన్ ఛానెల్ 8: యూనివర్సిటీకి టీవీ స్టేషనేంటండీ?

సైప్రెస్_శీను (శనివారం ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. ప్రశ్నలు రెండు, ఒకటి అర్జెంటు, ఒకటి కాదు.

మా మావగారూ అత్తగారూ గుంటూరు నుంచి ఆరు నెలలకని వచ్చారు. ఆయన రిటైర్డు హెడ్మాస్టరు, తెల్లారకుండానే లేస్తారు. తెలుగు యాప్‌లు అన్నీ పెట్టిచ్చాను. రెండు రోజులు చూసి, "ఇవి అక్కడా చూసేవేగా శీనూ, ఈ ఊరి టీవీ ఏదన్నా పెట్టు" అన్నారు. మా ఇంట్లో కేబుల్ లేదు. ఇరవై డాలర్లు పెట్టి అట్టముక్కలా పల్చగా ఉండే యాంటెనా ఒకటి తెచ్చి కిటికీకి అంటించా. 2, 26 అద్దంలా వస్తున్నాయి. 11, 13 వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. 8 మాత్రం ముక్కలు ముక్కలుగా విరిగిపోతోంది. ఆయనకి కావాల్సింది సరిగ్గా ఆ 8. పాలపుంత మీద ఏదో కార్యక్రమం సగం చూశారట, మిగతా సగం కోసం రోజూ నన్ను అడుగుతున్నారు. నిన్నయితే మా అత్తగారు యాంటెనా చేత్తో పట్టుకుని పావుగంట కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆవిడ పట్టుకుంటే వస్తోంది, వదిలితే పోతోంది.

రెండో ప్రశ్న మావగారిది. ఆ ఛానెల్ కింద యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ పేరు వేస్తున్నారు. "పరీక్షలు పెట్టుకునే యూనివర్సిటీకి టీవీ స్టేషనేంటి?" అని అడిగారు. నాకూ తెలీదు. పదకొండేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉంటున్నా, ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఆర్‌ఎఫ్_రంగా (శనివారం ఉదయం 8:15)

అర్జెంటుది నేను చెప్తా. తప్పు మీది కాదు, యాంటెనా అమ్మినవాడిది.

2 అని తెర మీద పడే అంకె చూసి మోసపోకండి. 2 అనేది ఇప్పుడు పేరుకే 2, అసలు ప్రసారం యూహెచ్‌ఎఫ్‌లో, అంటే పొట్టి అలల మీద. 26 ఎలాగూ యూహెచ్‌ఎఫే. 2009లో అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారినప్పుడు దేశంలో చాలా స్టేషన్లు యూహెచ్‌ఎఫ్‌లో ఉండిపోయాయి. మన 8, 11, 13 మాత్రం పాత వీహెచ్‌ఎఫ్ అంకెల మీదికే తిరిగొచ్చాయి. మీ అట్టముక్క యూహెచ్‌ఎఫ్ కోసం చేసింది. వీహెచ్‌ఎఫ్ అలలు పొడుగు, వాటిని పట్టాలంటే లోహం కూడా ఆ పొడుగుండాలి.

లెక్క చిన్నదే. ఛానెల్ 8 అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్. 300ని 183తో భాగిస్తే అల పొడవు సుమారు 1.64 మీటర్లు. అందులో సగం 82 సెంటీమీటర్లు. కుందేలు చెవుల్లా రెండు కడ్డీలుండే పాతకాలం యాంటెనా తెచ్చి, ఒక్కో కడ్డీని 40 సెంటీమీటర్ల దాకా లాగి, అడ్డంగా పరవండి. నిక్కబొడిచినట్టు నిలబెట్టకండి. ప్రసార టవర్లన్నీ మిస్సోరీ సిటీ దగ్గరున్నాయి, మీకు దక్షిణం వైపు. కడ్డీల వెడల్పు అటు చూడాలి, కొసలు కాదు.

మీ అత్తగారు పట్టుకుంటే ఎందుకొచ్చిందంటే, ఆవిడ చెయ్యే ఆ కడ్డీ అయింది.

కేటీ_కళ్యాణి (శనివారం ఉదయం 8:52)

అయ్యో పాపం పెద్దావిడ 😄

శీను గారూ, యాంటెనా వచ్చేలోపు వాళ్ళ యాప్‌లో 8 ప్రత్యక్షంగా చూడొచ్చు, ఉచితం. మా పిల్లలిద్దరూ ఆ స్టేషను పిల్లల ఛానెల్ మీదే పెరిగారు. మధ్యలో బొమ్మల ప్రకటనలు రావు. నాకు అది చాలు. వేరే ఛానెల్లో గంట కార్టూన్ చూస్తే మావాడు నాలుగు బొమ్మల పేర్లు కంఠతా పట్టుకొచ్చేవాడు.

యూనివర్సిటీ సంగతి నాకూ వివరంగా తెలీదు. తాతయ్య గారిని లేపండి, ఆయన అక్కడే చదివారు.

రేడియోతాతయ్య (శనివారం ఉదయం 10:30)

లేచే ఉన్నానమ్మా. కాఫీ అయ్యాక టైపు చేస్తున్నా, రెండు వేళ్ళతో. కాస్త పొడుగవుతుంది.

శీనూ, మీ మావగారితో ముందు ఈ మాట చెప్పు. అమెరికాలో "యూనివర్సిటీకి టీవీ ఏంటి" అన్న ప్రశ్నకి మొదటి జవాబే ఈ 8. కేయూహెచ్‌టీ దాని పేరు. 1953 మే 25న ప్రసారం మొదలైంది. దేశం మొత్తం మీద వాణిజ్యం లేని మొదటి విద్యా టీవీ స్టేషను అదే. న్యూయార్కులో కాదు, బోస్టన్‌లో కాదు, అప్పటికింకా పట్టుమని పాతికేళ్ళు నిండిన మన యూహెచ్‌లో.

అంతకుముందు కథ ఒకటుంది. 1948లో ఇక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కొత్త టీవీ లైసెన్సులన్నీ ఆపేసింది, ఛానెళ్ళు ఒకదాని మీద ఒకటి పడి గొడవగా ఉందని. నాలుగేళ్ళు ఆపింది. 1952 ఏప్రిల్లో మళ్ళీ తలుపు తెరిచేటప్పుడు 242 ఛానెళ్ళు చదువు కోసం విడిగా పెట్టింది. అలా పెట్టాలని పట్టుబట్టింది ఫ్రీడా హెనాక్ అనే ఆవిడ. ఎఫ్‌సీసీలో మొదటి మహిళా కమిషనర్. వ్యాపారులేమో చదువుకి అన్ని ఛానెళ్ళెందుకు, ఖాళీగా పడుంటాయి అన్నారు. ఆవిడ వినలేదు. 1953 జూన్ 8న కేయూహెచ్‌టీ ప్రారంభోత్సవ సభకి స్వయంగా హ్యూస్టన్ వచ్చింది. పంతం నెగ్గించుకున్నావిడ రాకుండా ఉంటుందా!

అప్పటి యూహెచ్ ప్రభుత్వ యూనివర్సిటీ కూడా కాదు, ప్రైవేటు. 1963లో గానీ రాష్ట్రం చేతికి రాలేదు. స్టేషనులో మొదట్లో హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్టుకీ భాగం ఉండేది. స్టూడియో ఎజెకీల్ కల్లెన్ భవనం అయిదో అంతస్తులో. మీలో యూహెచ్‌లో చదివినవాళ్ళు ఫీజు కట్టటానికో సంతకానికో ఆ భవనం మెట్లెక్కే ఉంటారు. ఆ పైనే ఈ వ్యవహారం నడిచిందని నేను చదువుకునే రోజుల్లో ఒక ముసలి క్లర్కు చెప్పేదాకా నాకు తెలీదు.

ఎందుకు పెట్టారంటావా? యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ప్రభుత్వ ఖర్చు మీద కాలేజీల్లో చేరుతున్నారు, గదులు చాలటం లేదు. హ్యూస్టన్‌లో సగంమంది పగలు పని, రాత్రి చదువు. పాఠం ఇంటికే పంపితే? రిచర్డ్ ఎవాన్స్ అనే సైకాలజీ ప్రొఫెసరు కెమెరా ముందు పాఠం చెప్పాడు. ఇంట్లో చూసి పరీక్ష రాస్తే డిగ్రీకి లెక్కలో వేశారు. వారానికి 13 నుంచి 15 గంటలు ఇవే. 1960ల నడిమికి అలా చెప్పిన పాఠాలు లక్ష సెమిస్టర్ గంటలు దాటాయి. కోవిడ్‌లో జూమ్ క్లాసులని అందరూ కొత్తగా చూశారు గానీ, ఈ ఊళ్ళో అది తాతలనాటి సరుకు.

తర్వాత 1964లో కల్లెన్ బులవార్డులో ఒక వాణిజ్య ఛానెల్ ఖాళీచేసిన స్టూడియోలోకి మారారు. ఇప్పుడున్న ఎల్గిన్ వీధి భవనం 2000లో వచ్చింది. టీవీ, 88.7 రేడియో రెండూ అక్కడే, హ్యూస్టన్ పబ్లిక్ మీడియా అన్న పేరు మీద. లైసెన్సు యూనివర్సిటీదే.

తెనాలి_తమ్ముడు (శనివారం మధ్యాహ్నం 12:05)

చరిత్ర బాగుంది తాతయ్య గారూ. కానీ ఒక మాట. 1963 తర్వాత యూహెచ్ సర్కారుది. అంటే 8 కూడా సర్కారుదే. రీజెంట్లని, అంటే యూనివర్సిటీ పాలకమండలిని, వేసేది గవర్నరు. మన దగ్గర దూరదర్శన్‌ని ఎంత ఆడిపోసుకున్నాం, ఇక్కడ అదే పనిని "పబ్లిక్" అంటే చప్పట్లు కొట్టాలా? యజమాని ఎవరైతే పాట వాడిదే.

కేటీ_కళ్యాణి (శనివారం మధ్యాహ్నం 12:20)

తమ్ముడూ, మా పిల్లలు చూసే అక్షరాల పాటలో గవర్నరు ఎక్కడున్నాడో చూపించు.

తెనాలి_తమ్ముడు (శనివారం మధ్యాహ్నం 12:24)

అక్షరాల పాట దగ్గర ఎవరికీ ఇబ్బంది ఉండదక్కా. ఇబ్బందిపెట్టే కార్యక్రమం వచ్చిన రోజు చూడాలి.

రేడియోతాతయ్య (శనివారం మధ్యాహ్నం 1:10)

తమ్ముడన్నది కొట్టిపారేసే మాట కాదు. ఆ రోజు నేను ఇక్కడే ఉన్నా.

1979లో మాస్టర్స్‌కి వచ్చా. 1980 వేసవి మొదట్లో "డెత్ ఆఫ్ ఎ ప్రిన్సెస్" అని ఒక డాక్యుడ్రామా దేశమంతా పీబీఎస్ అనే పబ్లిక్ టీవీ కూటమి స్టేషన్లలో (మన 8 కూడా అందులోదే) వేయాల్సి ఉంది, మే 12న. సౌదీలో ఒక రాకుమారికి మరణశిక్ష వేసిన సంఘటన ఆధారం. సౌదీ ప్రభుత్వం మండిపడింది. హ్యూస్టన్ అంటే ఏమిటి? చమురు. మే 1న కేయూహెచ్‌టీ మేం వెయ్యం అని ప్రకటించింది. ఆ నిర్ణయం స్టేషను మేనేజరుది కాదు, పైనున్న యూనివర్సిటీ ఉపాధ్యక్షుడిది. అంతకుముందు ఆయన ఎప్పుడూ కార్యక్రమాల జోలికి రాలేదు. సౌదీ రాజకుటుంబంలో ఒకమ్మాయికి పాఠాలు చెప్పే ఒప్పందం కూడా యూనివర్సిటీకి ఉండేదని కోర్టులో బయటికొచ్చింది.

మా డిపార్టుమెంటులో రెండు వారాలు ఇదే గొడవ. ఇరాన్ కుర్రాళ్ళు ఒక బల్ల, సౌదీ కుర్రాళ్ళు ఒక బల్ల, మధ్యలో మేం సాంబారన్నం డబ్బాలతో. ఎవరూ ఆ సినిమా చూడలేదు, అందరికీ అభిప్రాయం ఉంది.

లా_లలిత (శనివారం మధ్యాహ్నం 2:48)

ఈ కేసు మేం క్లాసులో చదివాం, మా ప్రొఫెసరుకి ఇది ప్రాణం. తాతయ్య గారు ఆపిన చోట నుంచి అందుకుంటా.

హ్యూస్టన్‌లో ఒక ప్రేక్షకురాలు యూనివర్సిటీ మీద కేసు వేసింది. వాదన ఇది: ఇది రాష్ట్రం నడిపే స్టేషను, ఒక దేశానికి నచ్చలేదని మా ఊరి తెర మీద ఒక కార్యక్రమాన్ని ఆపటం ప్రభుత్వ సెన్సారు. ఇక్కడి జిల్లా కోర్టు ఆమె వైపు మొగ్గి, వేయమంది. పైకోర్టు వెంటనే స్టే ఇచ్చింది. మే 12న 8లో అది రాలేదు. అలబామాలోనూ ఇలాంటి కేసే నడిచింది, అక్కడి రాష్ట్ర విద్యా టీవీ మీద. రెండూ కలిపి అయిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు పూర్తి బెంచి 1982లో తీర్పు చెప్పింది. స్టేషన్లు గెలిచాయి.

కోర్టు మాట నా మాటల్లో: ప్రభుత్వ టీవీ అంటే రచ్చబండ కాదు, వచ్చినవాడల్లా ఎక్కి మాట్లాడటానికి. అదొక పత్రిక లాంటిది, ఏది వేయాలో ఏది వద్దో ఎడిటరుగా తేల్చుకునే అధికారం దానికుంది. ప్రేక్షకుడికి నచ్చకపోతే విమర్శించొచ్చు, చందా మానొచ్చు, ఫలానాది వేసి తీరాలని కోర్టు ద్వారా మెడ మీద కత్తి పెట్టకూడదు. బెంచి ఏకగ్రీవం కాదు, గట్టిగా విభేదించినవాళ్ళూ ఉన్నారు.

తమ్ముడు గారికి నా సమాధానం: మీరు సగం కరెక్టు. యజమాని ఆ రోజు ఒత్తిడికి లొంగాడనే నేనూ అనుకుంటా. కానీ మిగతా సగం ఆలోచించండి. ఆ కేసులో ప్రేక్షకురాలు గెలిచి ఉంటే, రేపు గవర్నరు మనుషులు "మా కార్యక్రమం ఎందుకు వెయ్యలేదు" అని అదే తీర్పు పట్టుకొచ్చేవాళ్ళు. తప్పు నిర్ణయాన్ని కాపాడిన తీర్పే తర్వాత ఒప్పు నిర్ణయాలనీ కాపాడుతుంది. నాకు ఆ తీర్పు ఫలితం ఇష్టం లేదు, తర్కం ఇష్టం.

తెనాలి_తమ్ముడు (శనివారం మధ్యాహ్నం 3:15)

లాయర్లతో వచ్చిన చిక్కే ఇది. ఇష్టం లేదంటారు, ఒప్పుకోమంటారు.

పత్రికకీ దీనికీ తేడా ఉంది లలిత గారూ. పత్రిక నచ్చకపోతే నేను డబ్బివ్వను. దీనికి పన్నుల్లో ముందే లాగేశారు.

ఉస్మానియా_89 (శనివారం మధ్యాహ్నం 3:40)

హైదరాబాద్ నుంచి నమస్తే. ఇక్కడ అర్ధరాత్రి దాటింది, మీ ముచ్చట చదువుకుంట కూసున్న.

తమ్మీ, దూరదర్శన్ మాట తెచ్చినవ్ గాబట్టి చెప్తున్న. మన దిక్కు కూడా యూనివర్సిటీలు టీవీ పని చేసినయ్. తేడా ఏందో చూడు. 1984 ఆగస్టు 15న యూజీసీ "కంట్రీవైడ్ క్లాస్‌రూమ్" మొదలుపెట్టింది, మధ్యాహ్నం పూట గంట. ఆ కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాలల్ల మొదటి వాటిల్నే రెండు హైదరాబాద్‌ల పెట్టిన్రు. ఒకటి మా ఉస్మానియాల, ఇంకోటి సీఫెల్‌ల, ఇంగ్లీషు నేర్పే యూనివర్సిటీ, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నరు గదా అది. కెమెరాలు, లైట్లు, ఎడిటింగు బల్లలు అన్నీ ఉండె. లేనిదొక్కటే, ట్రాన్స్‌మిటర్. క్యాసెట్ పట్టుకొని ఢిల్లీకి పంపుడే. అది ఏ రోజు వేస్తరో, వేస్తరో లేదో వాళ్ళ ఇష్టం.

డిగ్రీల ఉన్నప్పుడు మా దోస్తుతోని ఆ స్టూడియోకి పోయిన. గోడలకు గోనెసంచుల అసొంటి బట్ట కొట్టిన్రు, చప్పుడు మింగెటందుకు. లైటు వేస్తే ఉడుకు ఎట్లుంటదంటే, జియాలజీ సారు మొకానికి పౌడరు రాసుడు, తుడుసుడు, మళ్ళ రాసుడు. ఆయన రాయి చేతిల పట్టుకొని పదిసార్లు "దిస్ ఈజ్ గ్రానైట్" అన్నడు. పదకొండోసారి ఓకే అయింది. గంతా జేస్తే అది టీవీల మధ్యాహ్నం ఇంగ్లీషుల వస్తుండె, మా అమ్మ అప్పుడు బియ్యం ఏరుకుంట చూస్తుండె. ఒక్క ముక్క అర్థం గాకున్నా "మీ సారే గదరా" అనేది.

అసలు ముచ్చట ఏందంటే, మీ హ్యూస్టన్‌ల యూనివర్సిటీ సంపాయించింది లైసెన్సు. మాకు ఇచ్చింది కెమెరా. రెండిట్లకు భూమ్యాకాశాల ఫరకుంది.

రేడియోతాతయ్య (శనివారం సాయంత్రం 4:30)

భలే చెప్పావయ్యా.

ఇంకాస్త వెనక్కి పోతే సైట్ ప్రయోగం ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి టీవీ పంపారు, అందులో మన రాష్ట్రం ఒకటి, తెలుగులో కార్యక్రమాలు. మా మేనమామ ఊళ్ళో పంచాయతీ ఆఫీసు మీద పది అడుగుల గొడుగు, కోళ్ళ గూటికి కట్టే జాలీతో చేసింది. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా అక్కడే. ఏడాది కాగానే ఉపగ్రహం వెనక్కి పోయింది, గొడుగు మిగిలింది. దాని మీద ఒడియాలు ఎండబెట్టేవాళ్ళు.

లా_లలిత (శనివారం సాయంత్రం 4:55)

లైసెన్సు అన్న మాట మీద ఒక చిన్న చేర్పు. 1995 ఫిబ్రవరి 9న మన సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో గాలితరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. అందులో విడిగా తీర్పు రాసినవారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మన తెలుగాయనే. తరంగాలు ప్రభుత్వ గుత్తాధిపత్యంలోనూ ఉండకూడదు, డబ్బున్నవాళ్ళ గుత్తాధిపత్యంలోనూ ఉండకూడదని ఆయన వాదన. ఆ తర్వాతే యూనివర్సిటీలకి సామాజిక రేడియో వచ్చింది, 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ మొదలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 90.4లో "బోల్ హైదరాబాద్" ఉంది. కానీ సొంత వార్తలు చదవకూడదు. టీవీ ట్రాన్స్‌మిటర్ ఊసే లేదు.

చాండ్లర్_చందు (శనివారం సాయంత్రం 6:12)

మా ఫీనిక్స్‌లో 8 కూడా యూనివర్సిటీదే, అరిజోనా స్టేట్‌ది! కేఏఈటీ. 1961 నుంచి. అంకె కూడా కలిసింది చూడండి. ఇక్కడ ఇంకో లాభం ఉంది. జర్నలిజం స్కూలూ స్టేషనూ ఒకే భవనంలో. వార్తలు విద్యార్థులు సేకరిస్తారు, వాళ్ళే చదువుతారు. మా పక్కింటి తెలుగమ్మాయి ఒక సెమిస్టరు నీళ్ళ మీద వార్తలు చేసింది, కొలరాడో నదీ, రైతులూ, బావులూ. మా అపార్టుమెంటు వాళ్ళం అందరం చూసి ఫోన్లు చేశాం. ఆ పిల్ల ఇప్పుడు ఐటీలో చేరింది లెండి, అది వేరే ఏడుపు.

అన్నట్టు అమెరికాలో పబ్లిక్ టీవీలన్నీ యూనివర్సిటీలవి కావు. మీ టెక్సాస్‌లోనే చూడండి. హ్యూస్టన్‌ది యూహెచ్‌ది, కాలేజ్ స్టేషన్‌ది ఏ అండ్ ఎమ్‌ది, లబ్బక్‌ది టెక్సాస్ టెక్‌ది. డాలస్, ఆస్టిన్ స్టేషన్లు మాత్రం ఊరివాళ్ళ లాభాపేక్ష లేని సంస్థలవి.

స్టేట్‌కాలేజ్_స్వాతి (శనివారం రాత్రి 8:30)

యూనివర్సిటీ చేతిలో ఉంటే చల్లగా ఉంటుందనుకునేవాళ్ళకి మా ఊరి సంగతి చెప్పాలి.

మాది పెన్‌స్టేట్. డబ్ల్యూపీఎస్‌యూ అని యూనివర్సిటీ స్టేషను. చుట్టూ కొండలు, పల్లెలు. కేబుల్ లేని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 2025 జులైలో వాషింగ్టన్‌లో పబ్లిక్ ప్రసారాలకి ఇవ్వాల్సిన రెండేళ్ళ డబ్బు, 110 కోట్ల డాలర్లు, వెనక్కి తీసేసుకున్నారు. 1967 చట్టంతో పుట్టిన సీపీబీ, ఆ డబ్బు పంచే సంస్థ, ఆగస్టు 1న మూసేసే పని మొదలుపెడుతున్నామని చెప్పింది. సెప్టెంబరులో మా ట్రస్టీల కమిటీ స్టేషనుని వేరే వాళ్ళకి అప్పగించే ప్రతిపాదనని కొట్టేసింది. ఇక 2026లో మూతే అన్నారు. ఊరు ఊరంతా గగ్గోలు. అక్టోబరులో షరతులు మార్చి ఫిలడెల్ఫియాలోని డబ్ల్యూహెచ్‌వైవై అనే పబ్లిక్ స్టేషనుకి ఇవ్వటానికి ఒప్పుకున్నారు.

బతికింది, సంతోషమే. కానీ ఆ నెల రోజులూ నాకు అర్థమైంది ఒకటి. ఏళ్ళ తరబడి "మా స్టేషను" అనుకున్నది యూనివర్సిటీ బడ్జెట్ కాగితం మీద ఒక వరస. ఫుట్‌బాల్ మైదానం బాగుచేయటానికి ఎంతవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు, నేను చెప్పను.

తెనాలి_తమ్ముడు (శనివారం రాత్రి 8:47)

చూశారా, నేనన్నదే. యజమాని ఎవరైతే పాట వాడిదే, గొంతు నొక్కేదీ వాడే.

కేటీ_కళ్యాణి (శనివారం రాత్రి 9:20)

తమ్ముడూ, పన్నుల్లో లాగేశారన్నావ్ కదా. ఆ పోయిన డబ్బుని జనాభాతో భాగించు, మనిషికి ఏడాదికి రెండు డాలర్లు కూడా కాదు. నీ ఒక్క ఫిల్టర్ కాఫీ అంతకంటే ఎక్కువ.

మిగతాది ఎక్కడ నుంచి వస్తుందో నేను చూశా. రెండేళ్ళ క్రితం మా ఆఫీసు నుంచి పదిమందిమి స్టేషను వాళ్ళు చందాలడిగే రోజున ఫోన్లెత్తటానికి వెళ్ళాం. బల్ల మీద ఫోను, ఒక కాగితం, ఒక పెన్ను. పేరు, నెలకెంత, కప్పు కావాలా సంచీ కావాలా, ఇంతే. నాకు నాలుగో ఫోను ఒక ముసలాయన. నెలకి అయిదు డాలర్లు అన్నాడు. కప్పా సంచా అని అడిగా. "వద్దమ్మా, వాటికయ్యేది కూడా స్టేషనుకే ఉంచండి, నా దగ్గర 1980ల నాటి కప్పులు ఆరున్నాయి" అన్నాడు. అయిదు డాలర్లకి వెబ్‌లో పాత కార్యక్రమాలన్నీ చూసే వసతి కూడా వస్తుందని చెప్తే, వెబ్ అంటే మనవడిని అడగాలి అన్నాడు.

ఆ ముసలాయన కూడా యజమానే నా లెక్కలో. నువ్వు ఎన్నిసార్లు కట్టావ్?

తెనాలి_తమ్ముడు (శనివారం రాత్రి 9:31)

...చూడటమే లేదక్కా, కట్టటమేంటి.

మోడరేటర్ (శనివారం రాత్రి 9:40)

ఫుట్‌బాల్ మీదా పార్టీల మీదా వచ్చిన ఆరు వ్యాఖ్యలు తీసేశాను. వాటికి వేరే గది ఉంది.

ఆర్‌ఎఫ్_రంగా (శనివారం రాత్రి 10:15)

తమ్ముడూ, ఎవరి పాట అన్నావ్ కదా. హార్వీ తుఫాను గుర్తుందా? నువ్వప్పటికి వచ్చావో లేదో.

2017 ఆగస్టు 27, ఆదివారం. మేం పియర్‌ల్యాండ్‌లో మేడమీద ఉన్నాం, కింద కార్పెట్టు తేలుతోంది. కరెంటు ఉంది, ఇంటర్నెట్టు పోయింది. కుందేలు చెవుల యాంటెనా మీదే టీవీ. ఛానెల్ 11 చూస్తున్నాం. వాళ్ళ స్టూడియో అలెన్ పార్క్‌వేలో, బఫెలో బయూ అనే వాగు ఒడ్డున. ప్రసారం జరుగుతుండగానే బయూ నీళ్ళు వాళ్ళ లాబీలోకి వచ్చేశాయి. వార్తలు చెప్పేవాళ్ళు మెట్లెక్కి పై అంతస్తుకి పోయారు. కాసేపటికి తెర ఆగిపోయింది. వృత్తిరీత్యా నాకు తెలుసు, తెర నల్లబడితే దాని వెనక ఏం మునిగుంటుందో. మా ఆవిడ "ఏమైంది" అంటే నోట మాట రాలేదు.

ఆ 11 వాళ్ళు మళ్ళీ ఎక్కడ తేలారో తెలుసా? ఎల్గిన్ వీధిలో, 8 స్టూడియోలో. వాళ్ళకి స్టూడియో ఇచ్చేశారు. ఒక వాణిజ్య ఛానెల్, రోజూ ప్రకటనలు అమ్ముకునే ఛానెల్, యూనివర్సిటీ స్టేషను బల్ల దగ్గర కూర్చుని ఊరికి వరద వార్తలు చెప్పింది. ఒక రోజు రెండు రోజులు కాదు, నెలల తరబడి. ఆ పాత భవనానికి వాళ్ళు మళ్ళీ పోనే లేదు, తర్వాత వేరే చోట కొత్త స్టూడియో పెట్టుకున్నారు.

ఆ వారం ఎవరిది పాట, ఎవరిది యాజమాన్యం అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఏ రోడ్డు మునిగింది అని అడిగాం.

రేడియోతాతయ్య (శనివారం రాత్రి 10:40)

నేను ఆ వారం 88.7 రేడియో మీద ఉన్నా, బ్యాటరీలతో. అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

ఒక్కటి మాత్రం రంగాతో విభేదిస్తా. అడగాలి నాయనా. వరద రోజున వద్దు, మామూలు రోజున అడగాలి. 1980లో ఒకావిడ అడిగింది కాబట్టే, ఓడిపోయినా, ఆ ఒప్పందం సంగతి బయటికొచ్చింది.

ఉస్మానియా_89 (ఆదివారం ఉదయం 6:05)

ఇయ్యాల మా అమ్మకు ఈ ముచ్చట చెప్పిన. గ్రానైట్ సారు యాదున్నడా అంటే, "పౌడరు రాసుకున్న సారేనా" అన్నది. నలభై ఏండ్లయింది. పాఠం యాదిలేదు, పౌడరు యాదికున్నది.

సైప్రెస్_శీను (ఆదివారం మధ్యాహ్నం 1:25)

అమ్మో, నేను ఒక యాంటెనా అడిగితే మీరు మహాభారతం రాశారు. అన్నీ మావగారికి చదివి వినిపించా. పాఠం ఇంటికి పంపి పరీక్ష పెట్టారన్న చోట ఆపి మళ్ళీ చదవమన్నారు. లలిత గారి తీర్పు దగ్గర తమ్ముడి పక్షం తీసుకున్నారు. హార్వీ దగ్గర ఏమీ అనలేదు, దివిసీమ ఉప్పెన అప్పుడు ఆయన అవనిగడ్డలో పనిచేసేవారు.

యాంటెనా: పొద్దున్నే మా వీధి చివర గ్యారేజ్ సేల్‌లో కుందేలు చెవులది దొరికింది, రెండు డాలర్లు. టేపు పెట్టి కొలిచి 40 సెంటీమీటర్లు లాగా, దక్షిణం వైపు అడ్డంగా పరిచా. 8 వచ్చేసింది. 11, 13 కూడా. గాజుపలకలా ఉంది. కానీ రంగా గారూ, 2, 26 పోయాయి!

ఆర్‌ఎఫ్_రంగా (ఆదివారం మధ్యాహ్నం 1:50)

కడ్డీల మధ్యలో గుండ్రటి రింగు ఉందా? ఆ రింగే యూహెచ్‌ఎఫ్‌ది. లేకపోతే మీ అట్టముక్కని పారేయకండి. రెండూ కలిపే చిన్న పెట్టె దొరుకుతుంది, యూహెచ్‌ఎఫ్ ఒక చెవికి, వీహెచ్‌ఎఫ్ ఒక చెవికి. పది డాలర్లలోపే.

సైప్రెస్_శీను (ఆదివారం మధ్యాహ్నం 2:02)

రింగు లేదండి, ఊడిపోయినట్టుంది. పెట్టె ఆర్డరు పెడదామని మావగారిని అడిగా. "8 వస్తోందిగా, మిగతావి ఎందుకు" అన్నారు. అత్తగారు మాత్రం వంటిల్లోంచి "26 పెట్టించు బాబూ, నా చెయ్యి ఖాళీగానే ఉంది" అంటున్నారు.